మబ్బు పట్టిన రోజున కెమేరా

చలికాలం వచ్చిందంటే మన ఇళ్ళల్లో ఫోటోల సందడి మొదలవుతుంది. కార్తీక వనభోజనాలు, క్రిస్మస్ సెలవలు, సంక్రాంతి ముగ్గులు, ఆ తరువాత మాఘమాసపు పెళ్ళిళ్ళు. పూర్వం వీధికొక కెమేరా వుంటే గొప్ప. ఇప్పుడు సెల్ ఫోను ధర్మమా అని మనిషికొకటి. అయితే ఒక చిత్రం మీరు గమనించే వుంటారు. సముద్రపు వొడ్డుకి సరదాగా బయలుదేరిన బృందం ఆకాశం కాస్త మసకబారేసరికి డీలా పడిపోతుంది. "ఎండ లేదు, ఇవాళ ఫోటోలేం బాగుంటాయి?" అని ఎవరో ఒకరంటారు. మిగతావాళ్ళు తలలూపుతారు. తలో మొక్కజొన్న పొత్తూ తిని ఇంటిముఖం పడతారు.

సరిగ్గా ఆ వేళకే నేను ఇంట్లోంచి బయలుదేరుతూ వుంటాను. మా ఆవిడకి ఇది అలవాటైపోయింది. "వాయుగుండంట, ఇంకేం, మీకు పండగే" అంటుంది, గొడుగు చేతికిస్తూ. నేను కాలేజీలో చెప్పేది తెలుగు పాఠం. ఫోటోలు తియ్యడం నా వృత్తి కాదు. తీసినందుకు ఎవరూ ఒక రూపాయి ఇచ్చిన పాపాన పోలేదు. అయినా విశాఖపట్నంలో కాపురం పెట్టిన ఇన్నేళ్ళలో చలికాలపు ఆదివారాలు చాలామటుకు కొండమీదో, ఇసకలోనో గడిచేయి. మంచి బొమ్మకి మంచి ఎండ కావాలన్న మాట నిజం కాదని, మారుతున్న వాతావరణమే కావాలని ఆ ఆదివారాలు నాకు నేర్పేయి.

మా నాన్నగారి దగ్గర ఒక డబ్బా కెమేరా వుండేది. రోలుకి 12 బొమ్మలు. దానికి ఒక చిన్న మీట. మీట ఒక పక్కకి జరిపితే సూర్యుడి బొమ్మ, రెండో పక్కకి జరిపితే మబ్బు బొమ్మ. అంతకి మించి ఆ కెమేరాకి వాతావరణం అంటే తెలియదు. "ఎండ వెళ్ళి మబ్బు వస్తూంటే మీట ఎక్కడ పెట్టాలి?" అని చిన్నప్పుడు అడిగేను. "ఏదో ఒకటి తేలేదాకా ఆగు" అన్నారాయన. రోలు ఖరీదు ఆయనకి తెలుసు. ఇప్పటి కెమేరాల్లో రోలు లేదు, ఖర్చు భయం లేదు. అయినా చాలామంది ఇంకా ఆ తేలేదాకానే ఆగుతున్నారు.

ప్రబంధ కవులకి ఈ అవస్థ లేదు. అష్టాదశ వర్ణనల్లో సముద్రం వుంది, పర్వతం వుంది, ఋతువు వుంది, సూర్యోదయ చంద్రోదయాలూ వున్నాయి. కవిగారు పీట మీదనుంచి కదలకుండా వీటన్నిటినీ వర్ణించవచ్చు. హేమంతాన్ని మండువేసవిలో రాసినా తప్పు పట్టేవాళ్ళు లేరు. కెమేరావాడు మాత్రం తెల్లవారుజామున నాలుగింటికి లేచి, చన్నీళ్ళు ముఖాన కొట్టుకుని, ఆ చోటికి తన కాళ్ళమీద వెళ్ళవలసిందే. బీఏ పిల్లలకి వర్ణనలు చెప్పేటప్పుడు ఈ మాట అంటే నవ్వుతారు.

చలికాలమే ఎందుకంటే, దానికి సూర్యుడే కారణం. విశాఖపట్నం సుమారు 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద వుంది. వేసవిలో మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన నిలబడతాడు. నీడ కాళ్ళ కిందికి పోతుంది. ముఖాల మీద కళ్ళున్న చోట రెండు నల్లటి గుంటలు పడతాయి. ఇసక సున్నం కొట్టినట్టు తెల్లబోతుంది. అదే డిసెంబరు చివర్లో అయితే మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 49 డిగ్రీల ఎత్తుకి మించి రాడు. రోజల్లా వెలుతురు ఏటవాలుగా పడుతుంది. ఇసక మీద పీత నడిచిన జాడకి కూడా నీడ కడుతుంది. ఇంకో సదుపాయం ఏమిటంటే, ఆ రోజుల్లో సూర్యుడు సరిగ్గా తూర్పున ఉదయించడు. సుమారు 25 డిగ్రీలు దక్షిణానికి జరిగి, ఆగ్నేయం మొగ్గుగా లేస్తాడు. మన విశాఖ తీరం కూడా ఈశాన్యం నుంచి నైరుతికి వాలి, ముఖం ఆగ్నేయానికే పెట్టుకుని వుంది. అంచేత ఉదయం ఆరున్నరకి కాస్త ముందు ఇసకలో నిలబడితే, సూర్యుడు ఏ కొండ చాటునుంచో కాకుండా నడిసముద్రంలోంచి మనకి ఎదురుగా పైకొస్తాడు.

సరే, ఎక్కడికి వెళ్ళాలి? ఇందుకు నేను పెట్టుకున్న లెక్క ఒకటుంది. ముందురోజు రాత్రి డాబా ఎక్కి ఆకాశం చూస్తాను. చుక్కలు స్పష్టంగా కనిపించి, గాలి ఆడకుండా వుంటే కొండకి. మబ్బేస్తే సముద్రానికి. చుక్కల రాత్రి నేలలోని వేడి అడ్డు లేకుండా ఆకాశంలోకి పోతుంది. నేలని ఆనుకున్న గాలి చల్లబడి, బరువెక్కి, వాలు వెంట లోయల్లోకి జారుతుంది. అక్కడ అందులోని తేమ పొగమంచవుతుంది. మబ్బు దుప్పటిలా కప్పి వుంటే ఆ వేడి పోదు, లోయలో మంచూ కట్టదు. బంగాళాఖాతంలో అల్పపీడనం వున్న రోజుల్లో మన్యం వెళ్ళినవాళ్ళు "మంచేదీ, మేఘాలేవీ?" అని ఉసూరుమంటూ తిరిగిరావడానికి ఇదొక కారణం.

మన్యంలో లంబసింగి పేరు ఇప్పుడు వినని వాళ్ళు లేరు. 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో, చింతపల్లి మండలంలో, సముద్రమట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తున వున్న ఊరు. నర్సీపట్నం దాటి ఘాటు ఎక్కాలి. దానికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. రాత్రి ఆరుబయట వుండిపోతే మనిషి కొయ్యలా బిగుసుకుపోతాడని దానికి అర్థం చెబుతారు. కొన్ని ఏళ్ళు అక్కడ చలి సున్నా డిగ్రీల దగ్గరికి దిగుతుంది. దగ్గర్లోనే చెరువులవేనం కొండ. చీకటితో ఆ కొండ ఎక్కి కూర్చుంటే, తెలతెలవారుతూండగా కింద లోయ వుండవలసిన చోట తెల్లటి సముద్రం కనిపిస్తుంది. కొండ కొసలు దీవుల్లా తేలుతూ వుంటాయి. సూర్యుడు వచ్చిన కాసేపటికి ఆ తెలుపు కదలడం మొదలుపెడుతుంది. ఒక చోట చిరుగుతుంది. చిరుగులోంచి ఒక సిల్వర్ ఓక్ చెట్టు, దాన్ని పట్టుకు పాకిన మిరియాల తీగ, ఓ పాక కప్పు, కప్పులోంచి వంటపొగ. రెండు నిమిషాల్లో మళ్ళీ మూసుకుపోతుంది. మేఘాల సముద్రాన్ని అందరూ తీస్తారు. నాకు ఆ రెండు నిమిషాలు ఇష్టం.

ఇక్కడ కెమేరా గురించి ఒక రహస్యం చెప్పాలి. దాని లోపల వెలుతురు కొలిచే యంత్రం చూపుకి ప్రపంచమంతా బూడిదరంగే. తెల్లటి పొగమంచు చూపిస్తే "అబ్బో, వెలుతురు ఎక్కువైంది" అనుకుని తగ్గించేస్తుంది. మంచు కాస్తా మురికినీళ్ళలా వస్తుంది. నల్లటి మబ్బు చూపిస్తే చీకటనుకుని పెంచేస్తుంది; మబ్బు కాస్తా వెలిసిన బట్టలా వస్తుంది. కనక మంచుకి ఒక మెట్టు పెంచాలి, కారుమబ్బుకి ఒక మెట్టు తగ్గించాలి. చాలా సెల్ ఫోన్లలోనూ ఈ వీలుంది: తెర మీద వేలుపెడితే పక్కన చిన్న సూర్యుడు వస్తాడు, వాణ్ణి పైకీ కిందికీ జరపవచ్చు. మా నాన్నగారి మీట మీద సూర్యుడే మళ్ళీ వచ్చేడు. ఈసారి కాస్త కదలడం నేర్చుకున్నాడు.

చలికి బ్యాటరీలు నీరసిస్తాయి. అదనంగా ఒకటి చొక్కా లోపలి జేబులో, వొంటి వెచ్చదనం తగిలేలా పెట్టుకోండి. ఆదివారాలు వెళ్ళకండి. కొండ మీద జనం, డ్రోన్ల రొద, నీళ్ళ సీసాల గుట్టలు. నెగడు దగ్గర చలికాచుకుంటున్న గిరిజన వృద్ధుల ముఖాల్లోకి అడగకుండా కెమేరా పెట్టేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మన వీధి అరుగు మీద మన అమ్మమ్మ కూర్చుని వుంటే ఎవడో వచ్చి అలా తీస్తే ఊరుకుంటామా? అరకు వైపు పసుపుపచ్చటి వలిస పూలతోటల్లో ఫోటోలకి కొందరు రైతులు డబ్బు వసూలు చేస్తున్నారని ఈమధ్య కొందరు విసుక్కుంటున్నారు. పూలు తొక్కితే గింజ పోయేది వాళ్ళకి. తీసుకోవడమే సబబు.

ఇంక మబ్బేసిన రోజు సంగతి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతానికి తుపాన్ల కాలం. అల్పపీడనం ఎక్కడో దూరంగా వుండగానే ఆకాశం కబురు చెబుతుంది. ముందు బాగా ఎత్తున పల్చటి, దూదేకినట్టున్న మబ్బు పాకుతుంది. దాంట్లో వుండేది నీళ్ళు కాదు, మంచు పలుకులు. వాటిలోంచి వచ్చిన వెన్నెల వంగి చంద్రుడి చుట్టూ వలయం కడుతుంది. "గుడి కట్టింది, వానొస్తుంది" అని మన పెద్దవాళ్ళు అనేది దీన్ని చూసే. మర్నాటికి మబ్బు మందమై, కిందికి దిగుతుంది. సముద్రం నీలం పోయి సీసం రంగుకి వస్తుంది. అప్పుడు ఒక్కొక్కసారి మబ్బు మధ్య చిల్లుపడి, పెంకుటింటి గాజుపెంకులోంచి పడ్డట్టు, ఎండ ఒక్క చోట నీళ్ళ మీద పడుతుంది. చుట్టూ అంతా చీకటి, ఆ ఒక్క చోట కరిగిన వెండి. ఆ వెలుగు ఎంతసేపుంటుందో తెలియదు కనక కెమేరా కట్టుకుని సిద్ధంగా వుండాలి.

జల్లు వెళ్ళిపోయిన వెంటనే అందరూ సముద్రం వైపే చూస్తారు. సూర్యుడికి వీపు తిప్పి నిలబడండి. సాయంత్రమైతే ఇంద్రధనుస్సు సముద్రం మీదే వస్తుంది. సూర్యుడు 42 డిగ్రీల కన్న పైన వుంటే నేలమీద నిలబడ్డవాడికి ఇంద్రధనుస్సు కనపడదు. నడివేసవిలో పగలు చాలా గంటలు దానికి అవకాశమే లేదు. డిసెంబరులో మనవైపు సూర్యుడు ఆ ఎత్తు దాటి వుండేది మధ్యాహ్నం మూడు గంటల పైచిలుకు మాత్రమే. మిగతా పగలంతా, జల్లూ ఎండా కలిస్తే, ఆశ పెట్టుకోవచ్చు.

అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఆటుకీ పోటుకీ తేడా ఎక్కువ. మన దగ్గర సుమారు ఒకటిన్నర మీటరు దాకా వుంటుంది. ఆటు తీసినప్పుడు కైలాసగిరి కింద, జోడుగుళ్ళపాలెం దగ్గర రాళ్ళు బయటపడతాయి. చలికాలంలో వాటి మీద పచ్చటి నాచు పట్టుబట్ట పరిచినట్టు వుంటుంది. అర సెకను సేపు కన్ను తెరిచి వుంచితే వెనక్కి పోతున్న నీళ్ళు ఆ పచ్చదనం మీద తెల్లటి జరీ గీతలవుతాయి. ఆ నాచు మీద కాలు పెడితే మాత్రం తిన్నగా ఆసుపత్రే. ముక్కాలిపీటని తడి ఇసకలో ముందే గట్టిగా నొక్కి దించాలి. లేకపోతే ప్రతి అలకీ కాస్త దిగబడి బొమ్మ అలికినట్టు వస్తుంది. ఇంటికొచ్చేక మంచినీళ్ళలో తడిపి పిండిన గుడ్డతో కెమేరా ఒళ్ళంతా తుడిచి, పొడిగుడ్డతో మళ్ళీ తుడవండి. ఉప్పుగాలి తలుపు బందుల్నే తినేస్తుంది, కెమేరా ఒక లెక్కా? ఏసీ గదిలోంచి తిన్నగా వొడ్డుకి తెస్తే అద్దం మీద ఆవిరి పడుతుంది. సంచీలో చుట్టి ఓ అరగంట బయట వుంచితే సర్దుకుంటుంది.

తుపాను హెచ్చరిక వున్న రోజున వెళ్ళకూడదు. ఇందులో రెండో మాట లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మా ఊరి మీదే తీరం దాటింది. ఆ రోజు బొమ్మ నా దగ్గర ఒక్కటీ లేదు. తలుపులకి బల్లలు అడ్డం పెట్టి ఇంట్లో కూర్చున్నాం. మర్నాడు చూస్తే ముందురోజు దాకా పచ్చగా వున్న కొండలు ఆకు రాలిపోయి, నిప్పంటుకుని ఆరినట్టు గోధుమరంగులో వున్నాయి. ఆ నెలనుంచి అదే డాబా మీద, అదే మూలనుంచి, నెలకొక బొమ్మ చొప్పున కొండ మళ్ళీ పచ్చబడేదాకా తీసేను. ఒక్కో బొమ్మకి విడిగా అందం ఏమీ లేదు. వరసగా పేరిస్తే మా ఇంటికి వచ్చినవాళ్ళు ఇప్పటికీ కుర్చీ దగ్గరికి జరుపుకుని చూస్తారు.

ఒకే చోటికి మళ్ళీ మళ్ళీ వెళ్ళాలన్న పట్టుదల నాకు అప్పుడు కలిగింది. పన్నెండు ఊళ్ళు ఒక్కొక్కసారి చూసే కంటే, బస్సులో అరగంటలో వెళ్ళగలిగిన ఒక్క చోటుకి పన్నెండుసార్లు వెళ్ళండి. నేను భీమిలి దారిలో ఒక జాలరిపేట ఎంచుకున్నాను. వెనక ఎర్రమట్టి దిబ్బల వరస. అవి గాలీ నీరూ వేల ఏళ్ళ పాటు పోగుచేసినవి, 2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తింపు పొందినవి. ముందు ఇసక, నాలుగు పడవలు, ఒక నల్లరాయి. రాయి మీద నిలబడితే అటు పేటా, ఇటు సముద్రమూ కనిపిస్తాయి.

కొన్నేళ్ళ కిందట, మార్గశిరంలో, అక్కడే ఒక మధ్యాహ్నం. రేవులో హెచ్చరికేమీ ఎగరెయ్యలేదు. ఉన్నట్టుండి తూర్పున కాటుక కరిగించి పోసినట్టు ఒక మబ్బు లేచింది. దాని ముందు కొంగలు తెల్లగా బారుతీరి పోతున్నాయి. నేను గబగబా తీస్తున్నాను. వెనకనుంచి ఎవరో పలకరించేరు. డెబ్బై దాటిన వృద్ధుడు, తలకి తువ్వాలు.

"ఏటి బాబూ, మబ్బుని తీత్తన్నావా?"

"అవును తాతా."

"బాగుందా?"

బాగుందని ఎలా అనను? బాగుంది. అయితే ఆయన ముఖం చూసి ఆ మాట నోట్లోనే వుండిపోయింది.

"మావోళ్ళు ఇంకా రానేదు బాబూ. అయిదు బోట్లు. నీ గొట్టంలోంచి దూరం అగుపడతదా?"

నా దగ్గర దూరపు లెన్సు వుంది. నీటి అంచు వెంట మెల్లిగా తిప్పుతూ నాలుగు బొమ్మలు తీసి, తెర మీద పెద్దవి చేసి చూసేను. నువ్వుగింజల్లా మూడు. ఆయన తెరకి కళ్ళు ఆనించినంత దగ్గరగా పెట్టుకుని, "ఇది మా రెండోవోడిది. ఇది కాదు, ఇది కాదు" అన్నాడు. ఒక మరక తప్ప నాకేమీ కనిపించలేదు. ఇంకా రెండు బోట్లు రావాలి. వాటిలో ఒకదాంట్లో ఆయన మనవడున్నాడు.

పేటలోంచి ఆడవాళ్ళు కూడా వచ్చి నిలబడ్డారు. ఎవరూ మాట్లాడ్డం లేదు. తాత మటుకు నాకు పాఠం చెప్పినట్టు మెల్లిగా చెబుతున్నాడు: "నలుపు సూసి బెదరకు బాబూ. దాని కిందని, నీళ్ళ మీదని, తెల్లటి సార వొత్తది సూడు. అదీ గాలంటే. అది కదిలిందా, మరి నువ్విక్కడ నిలబడకు." చూస్తూండగానే ఆ తెల్లటి చార కనిపించింది. గాలి దెబ్బకి నీళ్ళు విరిగి నురగవుతున్న చోటు అది. ఎన్నేళ్ళుగా మబ్బుల్ని తీస్తున్నా నేను దాన్ని విడిగా చూడలేదు; తరువాత పాత బొమ్మలు వెతికితే మూడింట్లో వుంది.

మళ్ళీ లెన్సు తిప్పేను. నాలుగు. కాసేపటికి, దక్షిణంగా, అనుకోని చోట, అయిదు. ఆ మాట చెబితే ఒకావిడ చతికిలబడి ఏడ్చింది. మొదటి మూడూ వొడ్డు చేరేసరికి గాలి అందుకుంది, ఇసక సూదుల్లా గుచ్చుతోంది. చివరి రెండూ వానలో వచ్చేయి. బోటుని ఇసక మీదికి లాగడానికి ఎవరు దగ్గరుంటే వాళ్ళు తాడు పట్టేరు, నేనూ పట్టేను. ఆ దృశ్యం ఏ పత్రిక ముఖచిత్రానికైనా తగినది. తియ్యడానికి చేతులు ఖాళీ లేవు, కెమేరా మా ఆవిడ గొడుగు కింద వుంది.

తరువాతి వారం ఆ మబ్బు బొమ్మ పెద్దది వేయించి తాతకి తీసుకెళ్ళేను. ఆయన మబ్బు వంక చూడనేలేదు. బొమ్మ మూలన, పేట చివర మూడు కొబ్బరిచెట్లూ, వలల పాకా పడ్డాయి. వాటి మీద వేలు పెట్టి, "ఈ సెట్టుకి అవతల ఇంకో వరస ఇళ్ళుండీవి" అన్నాడు. ఎప్పుడు పోయేయో నెలతో సహా చెప్పేడు, ఒక్కో తుపాను పేరూ గుర్తు పెట్టుకుని.

మన తీరాన ఇసక ఒక చోట నిలిచేది కాదు. నైరుతి కాలంలో అలలు దాన్ని ఉత్తరానికి నడుపుతాయి, చలికాలంలో దక్షిణానికి. మొత్తం మీద ఉత్తరానికి పోయేదే ఎక్కువ. దారిలో రేవు గోడల్లాంటి అడ్డం వస్తే ఒక పక్క మేట వేసి, రెండో పక్క కోస్తుంది. విశాఖపట్నం రేవులో తవ్విన ఇసకని తెచ్చి రామకృష్ణా బీచి దగ్గర పోస్తూండడం అందుకే. కాకినాడకి ఎగువన ఉప్పాడలో సముద్రం ఇళ్ళనీ, రోడ్డునీ ఎలా తింటున్నదో పత్రికల్లో మీరూ చూస్తున్నారు. నా జాలరిపేట పత్రికల్లోకి ఎక్కేంత పెద్దది కాదు.

అప్పటినుంచి అక్కడ తీసే పద్ధతి మార్చుకున్నాను. మబ్బుల్ని తీస్తూనే వున్నాను, అది మానలేను. అయితే ముందుగా నల్లరాయి మీద నిలబడి, అదే లెన్సుతో, పేట వైపు ఒక బొమ్మ. ఎండైనా, మంచైనా, జల్లైనా. రోజు మారితే వెలుతురు మారుతుంది, సముద్రం రంగు మారుతుంది, ఒక నెల పల్చబడ్డ ఇసక ఇంకో నెలకి వచ్చి చేరుతుంది కూడా. కొబ్బరిచెట్లు మూడు రెండయ్యేయి, రెండు ఒకటయ్యేయి. వలల పాకని వెనక్కి జరిపి కట్టుకున్నారు.

పోయిన పుష్యమాసంలో వెళ్ళినప్పుడు తాత మనవడు నన్ను ఆపేడు. ఆ మధ్యాహ్నం అయిదో బోటులో వచ్చినవాడే. పేటకి అడ్డుగా రాళ్ళకట్ట వేయించమని అధికారులకి అర్జీ పెట్టుకుంటున్నారట. జత పరచడానికి ఆ బొమ్మలు కావాలన్నాడు. "మబ్బులున్నవి కాదు మేష్టారూ, పేట అగుపడేవి." ఇంటికొచ్చి వరస ప్రకారం ఏరితే పద్ధెనిమిది తేలేయి. అన్నీ పోస్టుకార్డు సైజులో వేయించి, ఒక్కోదాని వెనకా తేదీ, వేళ, ఆటో పోటో రాసేను. నా చేతిరాత బాగుండదు కనక మా ఆవిడ మళ్ళీ రాసింది.